పసుపు గీత దాటొచ్చా? కృష్ణా నది దాటితే రూలు మారిపోతుందా?

కల్వకుర్తి కుర్రాడు:

అందరికీ నమస్తే. పోయిన ఆదివారం అక్కావాళ్లతో కలిసి శ్రీశైలం వెళ్లాం. కారు నేనే నడిపాను, లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలైంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి వెళ్లాక ముందు ఒక సిమెంటు లారీ తగిలింది, ముప్పై కూడా పోవట్లేదు. రోడ్డు మధ్యలో ఎక్కడా తెగకుండా పసుపు గీత. నేను లారీ వెనకే మెల్లగా పోతుంటే పక్కన కూర్చున్న మా బావగారు, "పసుపు గీత ఉంటే ఓవర్‌టేక్ చేయొచ్చురా, గీత తొక్కకూడదంతే. తెలంగాణలో మాత్రం అసలు చేయకూడదు. డ్యాం దాటి ఆంధ్రాలోకి పోయాక చేసుకో" అన్నారు. ఫోన్‌లో ఎవరో పంపిన బొమ్మ కూడా చూపించారు, అందులో నిజంగానే అలా రాసి ఉంది.

ఈలోపు నా వెనకున్న తెల్ల కారు హారన్ కొట్టి కొట్టి, ఈగలపెంట దాటాక వచ్చే దిగుడు మలుపులో మమ్మల్నీ లారీనీ కలిపి దాటబోయింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఆర్టీసీ బస్సు. నేను బ్రేక్ మీద నిలబడ్డాను, ఆ కారు నా బంపర్‌కి జానెడు దూరంలో లోపలికి దూరింది. వెనక సీట్లో మేనకోడలి నుదురు ముందు సీటుకి కొట్టుకుని బొప్పి కట్టింది. అప్పటినుంచి ఆ గీత నా బుర్రలోంచి పోవట్లేదు. అడిగేది ఒకటే: రాష్ట్రానికో రూలు ఉందా? పసుపుకీ తెలుపుకీ అసలు తేడా ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి, ఫార్వర్డ్ బొమ్మలు మాత్రం వద్దు.

తారు రోడ్డు:

తమ్ముడూ, ముందు పాపకి ఎలా ఉంది? నేను పదకొండేళ్లుగా రోడ్డు పనుల సైట్లలోనే ఉన్నాను, ఈ బొమ్మ నాకూ కనీసం ఇరవైసార్లు వచ్చి ఉంటుంది.

రాష్ట్రానికో రూలు లేదు. రోడ్డు మీద బండి ఎలా నడపాలన్నది మోటారు వాహనాల చట్టం కింద కేంద్రం పెట్టిన నిబంధనలు. ముందు 1989వి ఉండేవి, వాటి స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. డ్యాంకి ఇవతల తెలంగాణ దోమలపెంటలో ఉన్నదే అవతల ఆంధ్రా సుండిపెంటలో. రాష్ట్రాన్ని బట్టి మారేది అక్కడికక్కడ కట్టించుకునే చలానా మొత్తం, అంతే. పాత నిబంధనల్లో, పసుపు గీత ఉన్న రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసేవాళ్లు ఆ గీత దాటకూడదు అని ఉండేది. మీ బావగారి బొమ్మలో మాటలు అక్కడినుంచే వచ్చి ఉంటాయని నాకనిపిస్తుంది. కానీ ఆలోచించు, రెండు లైన్ల రోడ్డులో నీ సగం మూడున్నర మీటర్లు. లారీ వెడల్పే రెండున్నర. మిగిలిన మీటరులో గీత తొక్కకుండా కారు ఎట్లా పడుతుంది? బైకు కూడా భయంభయంగా పోవాల్సిందే. అంటే ఆ రోడ్డు మీద ఓవర్‌టేక్ లేనట్టే.

రంగు కంటే ముందు గీత తెగిందా లేదా చూడు. ముక్కలుగా ఉంటే ఎదురు ఖాళీ చూసుకుని దాటొచ్చు. తెగకుండా ఉంటే తెలుపైనా పసుపైనా దాటకూడదు. రెండూ నిండుగా ఉన్న జంట గీతలైతే రెండువైపులవాళ్లకీ లేదు. ఒకటి నిండుగా, ఒకటి ముక్కలుగా పక్కపక్కన ఉంటే, ముక్కల గీత ఎవరివైపు ఉందో వాళ్లు దాటొచ్చు, అవతలివాళ్లు దాటకూడదు. మలుపుల దగ్గరా ఎత్తుల దగ్గరా అలా వేస్తాం, ఎందుకంటే ఒకే మలుపులో ఒకవైపు నుంచి దూరం కనిపిస్తుంది, ఇంకోవైపు నుంచి కనిపించదు. ఆ నిండు గీత మా ఇష్టం వచ్చినట్టు వేసింది కాదు. ఓవర్‌టేక్ మొదలుపెట్టి మళ్లీ లోపలికి రావడానికి కావాల్సినంత దూరం కంటికి కనపడని చోట వేస్తాం. నీకు ఖాళీగా కనిపించిన మలుపు అవతల బస్సు ఉందని ఆ గీతకి ముందే తెలుసు అనుకో.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. నిండు గీత ఉన్నట్టుండి రాదు. దానికి ముందు కొంత దూరం ముక్కలు పొడుగవుతాయి, మధ్య ఖాళీలు చిన్నవవుతాయి. అది కనిపించిందంటే ఓవర్‌టేక్ మొదలుపెట్టొద్దని అర్థం.

కల్వకుర్తి కుర్రాడు:

పాప బాగానే ఉందన్నా, వాపు తగ్గింది. మీటరు లెక్క బావగారికి చదివి వినిపించాను, ఏం మాట్లాడలేదు. మరి కొన్నిచోట్ల అసలు గీతే కనపడట్లేదు కదా, అక్కడ ఏం చూడాలి?

తారు రోడ్డు:

నాకు కడుపు మండేది అక్కడే. గీత వేయడం చిన్న పని కాదు. థర్మోప్లాస్టిక్ పొడి బస్తాలు బాయిలర్‌లో పోసి, రెండు వందల డిగ్రీల దాకా మరగబెట్టి, తాడు పట్టి ముందే పెట్టుకున్న గుర్తుల మీద బండితో లాగుతాం. మందం రెండున్నర మిల్లీమీటర్లు రావాలి. వేడిగా ఉండగానే పైన గాజు పూసలు చల్లుతాం, చూడటానికి పంచదార పలుకుల్లా ఉంటాయి. రాత్రి హెడ్‌లైట్ పడితే గీత మెరిసేది వాటివల్లే. పూసలు తక్కువ చల్లినా, రోడ్డు ఊడ్వకుండా దుమ్ము మీదే వేసేసినా, మొదటి వాన నుంచే పెచ్చులు లేస్తుంది. నేను చూసినవాటిలో అన్నిటికంటే ఘోరం ఏంటంటే, పాత రోడ్డు మీద కొత్త తారు పొర వేసి, గీతలు లేకుండా వారాల తరబడి వదిలేయడం. నున్నటి నల్లటి రోడ్డు, బండ్లు వంద మీద పోతాయి, రాత్రయితే మధ్య ఎక్కడో అంచు ఎక్కడో తెలియదు. ఒక సైట్‌లో దీని గురించి గట్టిగా అడిగినందుకు నన్ను వేరే పనికి మార్చేశారు. 2019లో చట్టానికి 198ఏ సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా అంగవైకల్యం వచ్చినా బాధ్యులైన సంస్థకో కాంట్రాక్టర్‌కో లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేసి చెప్పు. కిలోమీటరు రాయి పైభాగం పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చయితే రాష్ట్ర రహదారి. ఆ రాయి మీద నెంబరు చెబితే చోటు వాళ్లకి తెలుస్తుంది.

లారీ వెంకన్న, తాడేపల్లిగూడెం:

గీత కనపడకపోతే ఏం చూడాలి అన్నావు కదా తమ్ముడూ, రాత్రిపూట మేం చూసేది క్యాట్ ఐస్, అంటే లైటు పడితే మెరిసేలా రోడ్డుకి బిగించిన చిన్న బిళ్లలు. డివైడర్ ఉన్న హైవేలో ఎడమ అంచున ఎర్రవి, డివైడర్ పక్కన పసుపువి, లైన్ల మధ్య తెల్లవి. తుపాను వానలో తుని దగ్గర ఒకసారి అద్దం మీద వైపర్ ఆడుతున్నా ముందు ఏమీ కనపడలేదు, ఎడమపక్క ఎర్ర చుక్కలు పట్టుకునే పెట్రోల్ బంకు దాకా వచ్చాను. ఎర్రవి నీకు కుడిపక్క కనపడ్డాయంటే రోడ్డు దిగిపోయావని లెక్క, వెంటనే తేరుకోవాలి. కల్వర్టుల దగ్గర, డివైడర్ మొదట్లో నలుపు పసుపు ఏటవాలు చారల బోర్డులుంటాయి చూడు, చారలు ఎటు కిందికి దిగుతున్నాయో అటునుంచి పోవాలి. మా క్లీనర్ కుర్రాళ్లకి నేను మొదట నేర్పేది అదే. రేడియం పోయిన బోర్డు పగలు ఎంత బాగున్నా రాత్రి లేనట్టే, దాన్ని నమ్ముకోవద్దు.

డాలస్ శిరీష:

ఈ థ్రెడ్ ఇంకా ముందే చూసి ఉంటే బాగుండేది. మా అమెరికాలో మధ్య గీత పసుపు అయితే అవతలివైపు ఎదురు ట్రాఫిక్, తెల్ల ముక్కల గీత అయితే రెండు లైన్లూ ఒకవైపుకే పోతాయి. పన్నెండేళ్లుగా కళ్లకి అదే అలవాటు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు నంద్యాల వైపు రెండు లైన్ల రోడ్డు మీద కారు నడుపుతూ, మధ్యలో తెల్ల ముక్కల గీత చూసి నాకు తెలియకుండానే కుడి లైన్‌లోకి వెళ్లిపోయి అక్కడే పోతున్నాను. నాన్నగారు "అమ్మా, అటు కాదు, ఎదురు రోడ్డు!" అని అరిచేదాకా తట్టలేదు. దూరంగా ట్రాక్టర్ వస్తోంది, టైమ్ ఉంది కాబట్టి సరిపోయింది. ఇండియాలో ఎదురెదురు ట్రాఫిక్ మధ్య కూడా తెల్ల గీతే ఉంటుందని సెలవులకి వచ్చి బండి తీసే మనవాళ్లందరికీ చెప్పండి. బోర్డులూ అంతే, మాకు హెచ్చరిక అంటే పసుపు డైమండ్, మీకు ఎర్ర అంచు త్రికోణం. గుండ్రటి బోర్డులో ఎర్ర అంచు ఉంటే చాలావరకు "వద్దు" అని, నిండు నీలం ఉంటే "ఇలాగే చెయ్యాలి" అని గుర్తు పెట్టుకున్నాక నాకు తేలికయింది.

కల్వకుర్తి కుర్రాడు:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి అక్క తీసిన వీడియో ఆపి ఆపి చూశాను. తారు రోడ్డు అన్న చెప్పినట్టే, మలుపు రాకముందే గీత ముక్కలు పొడుగయ్యాయి, ఖాళీలు తగ్గాయి, ఆ తర్వాతే నిండు పసుపు మొదలైంది. తెల్ల కారు బయటికి తీసింది సరిగ్గా నిండు గీత మొదలైన చోట. బావగారు కూడా పక్కనే కూర్చుని చూశారు. వచ్చే నెల కర్నూలు వెళ్లాలి, ఈసారి బండి ఆయన నడుపుతానన్నారు, నేను పక్కన కూర్చుని గీతలు చూసి చెబుతానన్నాను.