4294967297 ప్రైమ్ కాదని ఆయిలర్ చేత్తో ఎలా పట్టుకున్నాడు?

డిగ్రీ_మ్యాథ్స్:
ఫెర్మా నంబర్స్ చదువుతున్నానండి, అంటే 2^1+1, 2^2+1, 2^4+1, 2^8+1 ఇలా పవర్‌ని రెట్టింపు చేస్తూ పోతే వచ్చేవి. 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రైమ్‌లే, దాంతో 1640లో ఫెర్మా ఈ వరసలో వచ్చేవన్నీ ప్రైమ్‌లే అని నమ్మాడట. తర్వాతది 2^32+1, అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. అది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ తేల్చేశాడు. గుణించి చూశా, కరెక్టే. నా డౌట్ ఏంటంటే, కాలిక్యులేటర్ లేని రోజుల్లో 641 దాకా ఎలా వెళ్ళాడు? దానికంటే చిన్న ప్రైమ్‌లే వందకు పైన ఉన్నాయి, అన్నిటితో భాగించుకుంటూ పోయాడా?

లెక్కల_మాస్టారు:
అక్కర్లేదు తమ్ముడూ. p అనే ప్రైమ్ దీన్ని భాగిస్తే 2^32 కి p తో శేషం -1 వస్తుంది, వర్గం చేస్తే 2^64 కి శేషం 1, అంతకన్నా చిన్న పవర్‌కి 1 రాదు. అప్పుడు ఫెర్మా చిన్న సిద్ధాంతం (2^(p-1) కి p తో శేషం 1 వస్తుందనేది) ప్రకారం p-1 ని 64 భాగించి తీరాలి. అంటే p ఎప్పుడూ 64k+1 రూపంలోనే ఉంటుంది. 65, 129 లాంటివి ప్రైమ్‌లు కావు కాబట్టి తీసేస్తే మిగిలేవి 193, 257, 449, 577, ఆ వెంటనే 641. ఐదో భాగహారానికే దొరికేసింది! ఫెర్మా నమ్మకాన్ని పడగొట్టింది ఫెర్మా సిద్ధాంతమే, నాకు ఈ లెక్కలో అన్నిటికంటే నచ్చేది అదే.

కోడింగ్_కాకినాడ:
641 తెలిశాక అసలు భాగహారమే అక్కర్లేని ప్రూఫ్ ఒకటుంది, చూడండి. 640 = 5×2^7 కాబట్టి దానికి 641 తో శేషం -1, నాలుగో పవర్ చేస్తే 5^4×2^28 కి శేషం 1. ఇంకోపక్క 641 = 625+16, అంటే 5^4 ఉన్నచోట -2^4 పెట్టుకోవచ్చు. పెడితే -2^32 కి శేషం 1, అంటే 2^32+1 కి శేషం 0, అయిపోయింది. సీ లాంగ్వేజ్ ప్రోగ్రామ్‌లో చెక్ చేసేవాళ్ళు మాత్రం 32 బిట్ల అన్‌సైన్డ్ ఇంట్ వాడకండి, ఈ నంబర్‌కి 33 బిట్లు కావాలి, అందులో పెడితే 1 అయి కూర్చుంటుంది, లాంగ్ లాంగ్ పెట్టండి.

డిగ్రీ_మ్యాథ్స్:
సూపర్ అండి ఇద్దరికీ థాంక్స్. మరి 6700417 ప్రైమ్ అని ఎలా నమ్మాలి?

లెక్కల_మాస్టారు:
దాని ఫ్యాక్టర్లు కూడా అదే రూపంలో ఉండాలి కదా, పైగా 1878లో లూకాస్ 64 కాదు 128k+1 అని ఇంకా బిగించాడు. వర్గమూలం 2588 దాకా చూస్తే చాలు, ఆ రూపంలో ఉన్న ప్రైమ్‌లు 257, 641, 769, 1153, 1409 అంతే. శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు కాబట్టి ప్రైమే. కానీ ఈ పద్ధతితో అన్నీ ఇంత ఈజీగా తేలతాయనుకోవద్దు, తర్వాతి నంబర్ 2^64+1 కి చిన్న ఫ్యాక్టర్ 274177, అంటే 256×1071+1, అది దొరికేసరికి 1855 అయింది, క్లాసెన్ అనే ఆయన పట్టుకున్నాడు, 1880లో లాండ్రీ అనే ఆయన విడిగా మళ్ళీ పట్టుకున్నాడు.