850 కి.మీ. వేగం, 1,200 కి.మీ. దూరం... 2 గంటల 10 నిమిషాలు ఎందుకు?

తొలి_ప్రయాణం:
వచ్చే నెల అమ్మ మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కుతోంది. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య 1,200 కిలోమీటర్లు. గంటకు 850 లెక్కన గంటన్నరలోపే చేరాలి కదా, టికెట్ మీద 2 గంటల 10 నిమిషాలుంది. అక్కడ దిగి ఇంకో విమానం మారాలి, మధ్యలో 55 నిమిషాలే. నాకు టెన్షన్‌గా ఉంది.

కిటికీ_సీటు:
మీరు వేసింది గాల్లో ఉండే సమయం, అదీ పైకి చేరాక ఉండే వేగంతో. టికెట్‌లో చూపేది బ్లాక్ టైమ్: విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. పోయినసారి రాత్రి విమానంలో రన్‌వేకు తీసుకెళ్లే దారి, అంటే ట్యాక్సీవే, నీలం లైట్ల పక్కన మా ముందు ఆరు విమానాలు ఆగి ఉన్నాయి. ఒక్కోటీ లేస్తుంటే మాది కాస్త జరిగేది, మళ్లీ ఆగేది. చక్రాలు నేల వదిలేసరికి 25 నిమిషాలైంది. అయినా టైముకే దిగాం, ఎందుకంటే ఆ ఆలస్యం షెడ్యూల్‌లో ముందే కలిపి ఉంటుంది. పైగా చాలా దేశాల్లో 10,000 అడుగుల కింద 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు, దాటకూడదు.

పడమటి_గాలి:
దూర ప్రయాణమైతే గాలి లెక్క కూడా చూడాలండీ. న్యూయార్క్, లండన్ మధ్య దాదాపు 5,540 కిలోమీటర్లు. లండన్ వైపు సుమారు 7 గంటలు, తిరుగు దారిలో 8. పైన జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది మరి. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల ఊపుతో ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే చేరింది!

వెబ్‌సైట్లలో కనిపించే కిలోమీటర్లు భూగోళం మీద అతి దగ్గరి దారివి. లండన్ నుంచి లాస్ ఏంజిలిస్‌కు ఆ దారి గ్రీన్‌లాండ్ మీదుగా పోతుంది. మామూలు మ్యాప్‌లో చూస్తే చుట్టు తిరిగినట్టుంటుంది గానీ, కాదు.

రెండు_టికెట్లు:
అమ్మగారి రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉన్నాయా? ముందు అది చూడండి. నేను ఊరి పేరు చూసి విడివిడిగా కొన్నాను. దిగింది టోక్యో నరిటా ఎయిర్‌పోర్టులో, ఎక్కాల్సింది అదే ఊరి ఇంకో ఎయిర్‌పోర్టు హనేడాలో! నరిటా ఊరి నడిబొడ్డుకు 60 కిలోమీటర్ల అవతల, హనేడా ఊరికి ఇంకో వైపు. బస్సులో సూట్‌కేసు మీద చెయ్యి వేసుకుని గడియారం చూస్తూనే ఉన్నాను. వెళ్లేసరికి కౌంటర్ మూసేశారు. కొత్త టికెట్ కొనాల్సి వచ్చింది.

కిటికీ_సీటు:
అవునండీ. ఒకే బుకింగ్ అయితే మొదటిది ఆలస్యమైనా మామూలుగా తర్వాతి విమానంలో వాళ్లే సర్దుతారు. విడిగా అయితే 55 నిమిషాలు నేను ఒప్పుకోను. గేటు 15, 20 నిమిషాల ముందే మూస్తారు, సామాను తీసుకుని మళ్లీ చెక్‌ఇన్ చేయాలి.

సమయపాలన:
రెండు చోట్లా టైమ్ జోన్ వేరైతే ఒక మాట. టికెట్‌లోని రెండు గడియారాలూ ఎక్కడికక్కడ స్థానిక సమయమే. దిగే టైములోంచి ఎక్కే టైము తీసివేసే ముందు ఆ తేడా సరిచేసుకోండి.

తొలి_ప్రయాణం:
ఇప్పుడే చూశాను, రెండూ వేరువేరు బుకింగులే. ఎయిర్‌పోర్టు మాత్రం ఒకటే. రెండో టికెట్ నాలుగు గంటల తర్వాతి విమానానికి మార్చేశాను. అమ్మకు వీల్‌చెయిర్ సాయం కూడా అడిగాను. గేటు నంబరు ఎక్కడ చూడాలో ఈ రాత్రి ఫోన్‌లో చూపిస్తాను.