'తోసుకు'నా, 'త్రోసుకు'నా? అవాంట్‌గార్డ్‌కు తెలుగు మాట

ప్రశ్న:
జర్మన్ కళాకారుడు యోసెఫ్ బాయిస్ మీద ఆండ్రెస్ ఫైల్ తీసిన డాక్యుమెంటరీ 2017లో బెర్లిన్ చిత్రోత్సవం పోటీ విభాగానికి వచ్చినప్పుడు వెలువడిన విమర్శలను గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. పాత ఫుటేజిని పొందికగా కూర్చిన తీరును మెచ్చుకున్నవారున్నారు. 1944లో క్రిమియాలో విమానం కూలినప్పుడు తాతారులు తనకు కొవ్వు పూసి, ఫెల్టు అనే ఉన్ని బట్టలో చుట్టి బతికించారని చెప్పుకున్న ఆ మనిషి యుద్ధకాలపు గతాన్ని సినిమా గట్టిగా నిలదీయలేదని ఆక్షేపించినవారూ ఉన్నారు. నా చిక్కు 'అవాంట్‌గార్డ్' (కళలో అందరికన్నా ముందు కొత్తదారి పట్టినవారు) అన్న మాటను తెలుగు చేయడం దగ్గర. 'అగ్రగామి' అంటే వ్యాపార ప్రకటనలా ఉంది, 'పురోగామి' ఏనాడో రాజకీయాల పాలయింది. శ్రీశ్రీ 'పదండి ముందుకు, పదండి తోసుకు' పాదం నుంచి ఏదైనా మాట తీయవచ్చునా?

సమాధానం:
ముందు పాదం సరిచేసుకోండి, అది 'త్రోసుకు'. తరువాత వచ్చే 'కదం త్రొక్కుతూ' కూడా రకారంతోనే ఉంది కదా.

మరొకరు:
ఆ సాక్ష్యం చాలదండీ, 'తొక్కుతూ' అని పాడేవారూ తక్కువేమీ కాదు. ఛందస్సూ తేల్చదు: పదాదిని ఉన్న సంయుక్తాక్షరం ముందు పదంలోని లఘువును గురువు చేయదు కనుక, రకారం ఉన్నా లేకున్నా నాలుగు మాత్రలే. నా చెవికి మాత్రం 'త్రో'లోనే భుజబలం వినబడుతుంది.

ఇంకొకరు:
రకారం ఉండనీ, పోనీ, ఆ పాదం బాయిస్‌కు నప్పదు. 'పదండి' అన్నది అందరినీ కలుపుకొనే పిలుపు. ఈయన 1965లో ఒక గ్యాలరీ ప్రదర్శనలో తలకు తేనె పూసుకుని, బంగారు రేకు అంటించుకుని, చచ్చిన కుందేలును చంకన పెట్టుకుని దానికి బొమ్మలను వివరిస్తున్నంత సేపూ జనం బయట నిలబడి కిటికీలోంచి చూశారు. అవాంట్‌గార్డ్ మొదట సైనికుల మాట, సైన్యానికి ముందు నడిచే చిన్న దళం. మనకు 'మొన' ఉండనే ఉంది. మొనన నిలిచేవాడు మొనగాడు.

ప్రశ్నించినవారు:
మాట బాగుంది, కానీ ఈనాటి మొనగాడు వెండితెర కథానాయకుడు. ఆ పేరు పెడితే, బాయిస్‌ను నిలదీయక ఆరాధించారన్న విమర్శను నేనే శీర్షికకు ఎక్కించినట్లవుతుంది.

ఇంకొకరు:
అందుకే కదండీ ఆ మాట సూచించింది!

మొదటి సమాధానం ఇచ్చినవారు:
'త్రొక్కుతూ'ను 'తొక్కుతూ' అని అచ్చువేసిన ప్రతి ఏదో ముందు చూపండి, తరువాత మొనగాడి సంగతి చూద్దాం.