తాతగారి 1972 ఎఫ్‌సీ-160 పికప్: పాత పెట్రోల్ ఇంజిన్ ఉంచాలా, డీజిల్ వేయించాలా?

మాడుగుల తోట (చర్చ మొదలుపెట్టినవారు):
అందరికీ నమస్కారం. మా తాతగారు 1972లో కొన్న మహీంద్రా ఎఫ్‌సీ-160 పికప్ మా కళ్లంలో పశువుల పాక పక్కన పదిహేడేళ్లుగా కదలకుండా ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్, ముందు ముక్కు లేని బండి. డ్రైవరు సరిగ్గా ముందు చక్రాల మీద కూర్చుంటాడు. తోట నుంచి అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం దిమ్మలు దీంట్లోనే వెళ్లేవి. నా చిన్నప్పుడు వెనక నిలబడి తొట్టి అంచు పట్టుకుని వెళ్లిన రోజులు ఇంకా గుర్తున్నాయి.

ఈ ఏడాది దీన్ని మళ్లీ రోడ్డెక్కించాలని గట్టిగా అనుకున్నాను. తొట్టి అడుగు తుప్పు పట్టి చిల్లులు పడింది. ఛాసిస్ పైకి బాగానే కనిపిస్తోంది. ఇంజిన్ బిగుసుకుపోయింది, హ్యాండిల్ వేసినా తిరగడం లేదు. మా ఊరి మేస్త్రి చూసి, "ఆ పెట్రోల్ ఇంజిన్ తీసి పారెయ్ బాబూ, సెకండ్ హ్యాండ్ డీఐ డీజిల్ ఇంజిన్ పెట్టుకో, జన్మంతా తిరుగుతుంది" అన్నాడు. నాకు మనసొప్పడం లేదు. కానీ బండిని షెడ్డులో బొమ్మలా పెట్టుకోవాలనీ లేదు. తోట పనికి వాడాలి, ఎప్పుడైనా ఆదివారం పాడేరు ఘాట్ ఎక్కాలి. ఏం చేయమంటారు?

నల్లమల డీజిల్:
మీ మేస్త్రి చెప్పింది నిజం తమ్ముడూ. నేను పాత జీపుల్లోనే పెరిగాను, ఇప్పటికీ ఒకటి నడుపుతున్నాను. నాది పెట్రోల్‌తో ఉన్నప్పుడు లీటరుకి ఏడు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. పెట్రోలు ధర వంద దాటాక ఆ బండితో పొలం పని ఎవరు చేయగలరు? డీజిల్ వేయించాక ఎనిమిదేళ్లలో ఒక్కరోజు కూడా దారిలో ఆగలేదు. స్పేర్ పార్టులు మండల కేంద్రంలోనే దొరుకుతాయి.

ఇంకో మాట. డీజిల్ పెడితే బండి అసలు రూపం పోతుందని కొందరు బాధపడతారు. ఈ ఎఫ్‌సీ కుటుంబంలో కంపెనీయే తర్వాత ఎఫ్‌సీ-260 పేరుతో డీజిల్ బండ్లు అమ్మింది. వాళ్లు చేసిన పనే మనమూ చేస్తున్నాం. తాతగారు బండి కొన్నది సరుకు మోయడానికి. సరుకు మోసినంత కాలమే ఆ బండి ఆయనది.

ఆటోనగర్ లేత్:
నల్లమల అన్న చివరి మాట నాకూ నచ్చింది. కానీ ఈ బండి విషయంలో ఆయన సలహా తప్పని చెప్పాలి. జీపుకి, ఎఫ్‌సీకి ఒక పెద్ద తేడా ఉంది. జీపులో ఇంజిన్ బానెట్ కింద, మన ముందు ఉంటుంది. ఎఫ్‌సీలో రెండు సీట్ల మధ్య, ఒక రేకు డబ్బా కింద ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్‌కే ఆ డబ్బా వేడెక్కి ఎడమ కాలు మాడుతుంది. దాని స్థానంలో డీఐ పెడితే ఆ చప్పుడు, ఆ అదురు నేరుగా డ్రైవరు పక్కటెముకల్లోకి వస్తాయి. అలా మార్చిన ఒక బండిని అరగంట నడిపాను. కిందకి దిగాక పక్కవాళ్ల మాట వినపడలేదు.

రెండోది బరువు. ఈ బండికి మనిషి, ఇంజిన్, గేర్‌బాక్స్ అన్నీ ముందువైపే. తొట్టి ఖాళీగా ఉంటే వెనక తేలిక. గట్టిగా బ్రేకు కొడితే వెనక చక్రాలు లాక్ అయి జారతాయి. దాని మీద ఇంకా బరువైన డీజిల్ ఇంజిన్ ముందు పెట్టి ఘాట్ దిగుతారా?

మూడోది గేర్లు. ఆ రోజుల్లో ఈ పెట్రోల్ ఇంజిన్‌కి మూడు గేర్ల బాక్సు, బాగా కిందికి లాగిన యాక్సిల్ రేషియో (లాగుడు ఎక్కువ, వేగం తక్కువ) ఇచ్చేవారు. పెట్రోల్ ఇంజిన్ 4000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది కాబట్టి సరిపోయింది. డీజిల్ అంత తిరగదు. పాత రేషియోతోనే ఉంచితే రోడ్డు మీద బండి అరుస్తుంది గానీ ముందుకి పోదు. అప్పుడు గేర్‌బాక్స్ మార్చాలి, దాంతోపాటు ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, క్రాస్ మెంబరు, రేడియేటరు. లెక్క ఇంజిన్ ధర దగ్గర ఆగదు.

మీ బండిలో ఉన్నది హరికేన్ ఇంజిన్ అయితే అది 2199 సీసీ, నాలుగు సిలిండర్లు. ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. కాబట్టి ఏ నిర్ణయమైనా హెడ్డు దించి చూశాకే. ప్లగ్గులు తీసి, నాలుగు బోర్లలోనూ (పిస్టన్లు తిరిగే సిలిండర్ రంధ్రాల్లో) డీజిల్, పల్చటి ఆయిల్ కలిపి పోసి రెండు వారాలు వదిలేయండి. బండిని గేర్లో పెట్టి తోయకండి, రాడ్ వంగుతుంది. వదిలాక హెడ్డు తీసి, ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుకీ బోరుకీ మధ్య సన్నటి చీలిక ఉందేమో చూడండి. ఈ రకం ఇంజిన్లు చీలేది అక్కడే. చీలిక లేకపోతే రీబోర్ చేసి, అంటే బోర్లను కాస్త పెద్దవి చేసి, వాటికి తగ్గ ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే సరి. చీలిక ఉంటే అప్పుడు డీజిల్ సంగతి మాట్లాడుకుందాం.

గోదావరి ఆర్‌సీ:
కాగితాల గురించి ఎవరూ చెప్పలేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, బండి తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయకూడదని తీర్పునిచ్చింది. ఆర్‌సీలో పెట్రోల్ అని ఉండి కింద డీజిల్ ఇంజిన్ ఉంటే ఫిట్‌నెస్ దగ్గరే దొరికిపోతారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఇవ్వకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు. ముందు ఆర్‌సీ తాతగారి పేరు మీంచి మీ పేరుకి వారసత్వం కింద మార్పించుకోండి. తర్వాతే బండి మీద డబ్బు పెట్టండి.

ఇంకొకటి: 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఫీజు 20,000, పదేళ్ల తర్వాత మళ్లీ 5,000. ముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుతారు. కానీ ఇంజిన్, ఛాసిస్, బాడీ అసలు రూపంలో ఉండాలి. పైగా ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే రోడ్డు మీదికి తీయాలి. బెల్లం వేసుకుని మార్కెట్‌కి వెళ్లడం కుదరదు. మీరు తోట పనికి అంటున్నారు కాబట్టి మీకు మామూలు రెన్యువలే దారి.

నల్లమల డీజిల్:
చీలిక సంగతి ఒప్పుకుంటాను, చూడాల్సిందే. కాగితాలూ సరే. కానీ ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంది. 1972 నాటి ఫ్యూయల్ పంపు డయాఫ్రం, రబ్బరు పైపులు దాన్ని ఎంతకాలం తట్టుకుంటాయి? నెలకి రెండుసార్లు తీసే బండిలో అది తేమ లాగి ట్యాంకు తుప్పు పట్టిస్తుంది.

ఆటోనగర్ లేత్:
నిజమే, అది అసలైన ఇబ్బంది. పైపులు, డయాఫ్రం ఇథనాల్ తట్టుకునే రబ్బరువి వేయాలి. ట్యాంకు తుప్పు కడిగించి, కార్బొరేటర్‌కి ముందు ఒక ఫిల్టర్ పెట్టాలి. బండి రెండు నెలలు ఆగుతుందనుకుంటే ట్యాంకు ఖాళీ చేయాలి. ఇదంతా ఇంజిన్ మార్పిడితో పోలిస్తే చిన్న ఖర్చు.

సీలేరు లోయ:
ఇంజిన్ గురించి ఇంతసేపు మాట్లాడారు గానీ బ్రేకుల గురించి ఒక్కరూ చెప్పలేదు, నాకు దడగా ఉంది. ఈ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌లో ఒకటే లైను. ఎక్కడైనా ఒక్క పైపు చిట్లితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. మా నాన్నగారి జీపుకి ఘాట్ దిగుతుండగా సరిగ్గా అలాగే జరిగింది. మొదటి గేర్లో వేసి, కొండ వైపు గట్టుకి రాసుకుంటూ ఆపారు. నేను పక్క సీట్లో ఉన్నాను, పదకొండేళ్లు నాకు. తమ్ముడూ, ఇంజిన్ మీద ఒక్క రూపాయి పెట్టకముందు మాస్టర్ సిలిండరు, నాలుగు వీల్ సిలిండర్లు, పైపులు మొత్తం కొత్తవి వేయించు. వీలైతే రెండు లైన్ల మాస్టర్ సిలిండర్ పెట్టించు. దీన్ని అసలు రూపం చెడగొట్టడం అనకండి ఎవరూ.

ఇంకో కారణానికి కూడా నేను పెట్రోల్ వైపే. యాక్సిలరేటర్ వదిలితే కార్బొరేటర్‌లో గాలి రేకు మూసుకుని ఇంజినే బండిని పట్టుకుంటుంది. గాలి దారి మూసుకోని పాత డీజిల్‌లో ఆ పట్టు అంత ఉండదు. ఘాట్‌లో తేడా తెలుస్తుంది. అలాగని తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసుకుని దిగకు. ముందు వెనక యాక్సిళ్లు కలిసి బిగుసుకుని మలుపుల్లో జాయింట్లు విరుగుతాయి. అది బురదకి, ఇసుకకి మాత్రమే.

మాడుగుల తోట:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆర్‌సీ మార్పుకి దరఖాస్తు పెట్టాను. ఆయిల్ పోసిన పదహారో రోజున ఇంజిన్ హ్యాండిల్‌కి కదిలింది, అమ్మ చూసి ఏడ్చేసింది. హెడ్డు దించాం. చీలిక ఎక్కడా లేదు. మూడో బోరు బాగా అరిగింది, మిగతావి ఫర్వాలేదు. నాలుగూ రీబోర్ చేయిస్తున్నాను, పెట్రోలే ఉంచుతున్నాను. బ్రేకుల సామాను ముందే కొనేశాను. సీలేరు అన్నగారు, మీ మాట చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నల్లమల డీజిల్:
సంతోషం తమ్ముడూ. నేనైతే ఇప్పటికీ డీజిలే వేసేవాణ్ణి. కానీ బ్లాకు బాగుంటే నీ నిర్ణయాన్ని తప్పు పట్టను. 40 ఓవర్‌సైజ్ (అంగుళంలో వెయ్యికి 40 వంతులు పెద్దవి) పిస్టన్ల సెట్టు ఒకటి నా దగ్గర పెట్టెలో ఉంది, నా పాత ఇంజిన్ కోసం కొన్నది. బోరు కొలతలు పంపు. సరిపోతే పార్సిల్ చేస్తాను.