అప్‌డేట్: ‘గ్యాంగ్‌స్టర్ స్క్వాడ్’ చూసేశాను

షాన్ పెన్, జోష్ బ్రోలిన్, రయాన్ గాస్లింగ్, ఎమ్మా స్టోన్... ఇంతమంది ఉన్న 2013 నాటి ఈ మాఫియా సినిమాకి అంత చెడ్డ పేరెందుకు, చూడొచ్చా అని అడిగాను కదా. ‘చూడకు’ అన్నవాళ్లే ఎక్కువ. అయినా చూశాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

కథ 1949 లాస్ ఏంజెలెస్‌లో. ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న మాఫియా డాన్ మిక్కీ కోహెన్‌ని దెబ్బకొట్టడానికి బ్యాడ్జీలు పక్కనపెట్టి దిగిన పోలీసు దళం. సెట్లు, కార్లు, సూట్లు కళ్లు తిప్పుకోనివ్వవు. మనుషులే లేరు. కోహెన్‌గా వేసిన పెన్ ముఖానికి మేకప్ ఎంత దట్టంగా వేశారంటే, అరుస్తున్నప్పుడు కూడా ఆ ముక్కే కనిపిస్తుంది. నిక్ నోల్టీని పెట్టుకుని ఆయనతో దాదాపు ఏమీ చేయించలేదు. ఎమ్మా స్టోన్ పాత్ర గురించి చెప్పడానికి ఎర్ర గౌను తప్ప ఏముంది?

సినిమాలో మొదట ఒక థియేటర్ కాల్పుల సీన్ ఉండేదని ఒకరు చెప్పింది నిజమే. 2012 జూలైలో అమెరికాలోని అరోరా ఊళ్లో ఒక సినిమా హాల్లో కాల్పులు జరిగాక దాన్ని తీసేసి, చైనాటౌన్‌లో వేరే సీన్ తీసి, రిలీజ్ జనవరికి జరిపారు. అందువల్లే సినిమా చెడిందంటే మాత్రం ఒప్పుకోను.

అసలు కోపం క్లైమాక్స్ మీద. నిజంగా కోహెన్ 1951లో పన్ను ఎగవేత కేసులో జైలుకెళ్లాడు. ఇక్కడేమో హీరోతో ముష్టియుద్ధం! లెక్కల పుస్తకాలతో దొరికిన డాన్ కథ ఇంకా బాగుండేది.