2020 నాటి ప్రశ్న: లీఫ్స్ ఓడిపోతే మొదటి రౌండ్ పిక్ (కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే హక్కు) ఎవరిది? కాస్త తెలిసినవాళ్ళు చెప్పండి

టొరంటోకి వచ్చాకే ఐస్ హాకీ అలవాటైంది, పూర్తిగా వంటబట్టలేదు. మా ఫ్రిజ్ మీద మా ఊరి జట్టు మేపుల్ లీఫ్స్ షెడ్యూల్ ఉంది. మావాడు గెలిచిన ఆటలకి టిక్కులు పెడుతూ వచ్చాడు, 2020 మార్చి 10న టాంపా మీద ఆఖరి టిక్కు. 12న కరోనా వల్ల సీజన్ ఆపేశారు. లీగ్ మొత్తం మీద ఇంకా 189 ఆటలు మిగిలే ఉన్నాయి, అవి ఇక జరగవట.

ఇప్పుడు 24 జట్లతో మళ్ళీ మొదలుపెడతామంటున్నారు. మనకి కొలంబస్‌తో ఐదు ఆటల సిరీస్. రెండు జట్లకీ 81 పాయింట్లే, అందుకే టెన్షన్.

నా మొదటి సందేహం: ఈ క్వాలిఫయింగ్ రౌండ్‌లో ఓడిన జట్టు ప్లేఆఫ్స్‌కి (కప్పు కోసం జరిగే చివరి పోటీలకి) వెళ్ళినట్టా, కానట్టా? లాటరీ (కొత్త కుర్రాళ్ళని ముందుగా ఎవరు ఎంచుకోవాలో తేల్చే డ్రా) ప్లేఆఫ్స్‌కి వెళ్ళని జట్లకే కదా, ఓడిన ఎనిమిది జట్లకీ అందులో చోటుందంటే వెళ్ళనట్టే కదా!

అసలు తలనొప్పి రెండోది. నిరుడు మార్లో అనే ఆటగాడి ట్రేడ్‌లో మన 2020 మొదటి రౌండ్ పిక్ కరోలినా జట్టుకి ఇచ్చేశాం. టాప్ 10లో పడితే మాత్రం మన దగ్గరే ఉంటుంది, వాళ్ళకి వచ్చే ఏడాదిది వెళ్తుంది. అంటే ఓడిపోయి, లాటరీ తగిలితే, అందరూ మొదట ఎంచుకోవాలనుకునే కుర్రాడు లఫ్రెనియేర్ మనవాడేనా? ఓడిపోయి లాటరీ కూడా తగలకపోతే రెంటికీ చెడ్డ రేవడి అయినట్టేనా?

ఆఫీసులో అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. మావాడు మాత్రం ఓడిపోవడం గురించి అడిగానని నాతో మాట్లాడటం మానేశాడు.