అర్జెంట్: హాలు వాళ్ళు బస్సు వద్దంటున్నారు, ఇంకా పన్నెండు రోజులే

సుజాత | సోమవారం ఉదయం 8.10
అందరికీ నమస్తే. మన గ్లాస్గో తెలుగువాళ్ళ పాత డబుల్ డెక్కర్ బస్సుల కార్యక్రమానికి కావలసినవన్నీ శుక్రవారం సాయంత్రానికల్లా ప్రింటుకి ఇచ్చేయాలి. మిగిలిపోయినవి ఇవి: ఫొటోల కింద వేసే వాక్యాలు (రఫీ), హైదరాబాద్ గౌలిగూడ బస్టాండు బ్యానర్ (మాధవి), పిల్లల నాటిక రిహార్సల్, మైకు, భోజనాల లెక్క, వాలంటీర్ల టీషర్టు సైజులు. సైజులు ఇప్పటికి పదకొండు మందే చెప్పారు. దయచేసి ఈ రోజే చెప్పండి.

సుజాత | సోమవారం మధ్యాహ్నం 1.25
పొద్దున పెట్టింది ఆపండి. ఇప్పుడే హాలు ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది, పాత బస్సుల గ్యారేజీ వాళ్ళు మనకి ఇస్తామన్న డబుల్ డెక్కర్‌ని లోపలికి రానివ్వరట. కార్ పార్కింగ్ కింద స్టోరు గదులున్నాయి, ఆ స్లాబు మీద మూడున్నర టన్నులు దాటిన బండి పెట్టకూడదని రాశారు. ఫిబ్రవరిలో మనకి సరేనన్న మనిషి ఇప్పుడు అక్కడ పనిచెయ్యడం లేదు. బయట రోడ్డంతా రెండు పసుపు గీతలు, అక్కడా ఆపలేం. వెంకట్, ఇది చూడగానే ఫోన్ చెయ్యి.

వెంకట్ | 1.50
డ్యూటీలో ఉన్నానక్కా. బండి ఖాళీగానే ఏడు టన్నులు దాటుతుంది. మనవాళ్ళు అరవై మంది ఎక్కితే ఇంకో నాలుగు. స్లాబు సంగతి నిజమైతే వాళ్ళు చెప్పింది న్యాయమే, మనం వాదించలేం. కానీ ఇంత ఆలస్యంగా చెప్పడం మాత్రం చాలా అన్యాయం.

ప్రసాద్ | 2.15
లెక్క చెబుతాను. హాలుకి అడ్వాన్సు 350 పౌండ్లు కట్టాం. పద్నాలుగు రోజుల లోపు రద్దు చేసుకుంటే తిరిగి రాదు, మనకున్నది పన్నెండు. ఇంకో హాలుకి మళ్ళీ కట్టే డబ్బు ఖాతాలో లేదు. కాబట్టి కార్యక్రమం అక్కడే చేద్దాం, బస్సు వదిలేద్దాం. ఫొటోలు గోడకి అంటిద్దాం.

మాధవి | 2.40
ఆ పక్క స్కూల్ గ్రౌండు అడిగితే? మా పాప అక్కడే చదువుతుంది, హెడ్ టీచర్ మంచావిడ. బస్సు ఎక్కి ఓ చుట్టు తిరగడానికి మనిషికి ఐదు పౌండ్లు టికెట్ పెడితే డబ్బు కూడా సర్దుకుంటుంది.

వెంకట్ | 3.30
మాధవి గారూ, రెండూ కుదరవండి. స్కూలుకి వెళ్ళే దారిలో రైలు వంతెన ఉంది, దాని మీద బోర్డు 13 అడుగుల 9 అంగుళాలు. మన బండి 14 అడుగుల 6. ఇలాంటి వంతెనల కోసమే ఇక్కడ ఒకప్పుడు పొట్టి బాడీలు కట్టేవారు. పైడెక్కులో నడిచే దారిని ఒక పక్కకి జరిపి, కిందికి దింపి, రెండో పక్క నలుగురు కూర్చునే పొడుగు సీట్లు వేసేవారు. ఆ దారి కింద కూర్చున్నవాడు గబుక్కున లేస్తే నెత్తి తగిలేది. మనది ఆ రకం కాదు, మామూలు ఎత్తు.

టికెట్ సంగతి ఇంకా ముఖ్యం. డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటే అది కిరాయి బండి కిందికి వస్తుంది, దానికి ఆపరేటర్ లైసెన్సు, వేరే ఇన్సూరెన్సు ఉండాలి. విరాళం అని పేరు మార్చినా అంతే. ఆ గ్యారేజీ పెద్దవాళ్ళు మనల్ని నమ్మి బండి ఇస్తున్నారు, వాళ్ళని చిక్కుల్లో పెట్టలేను.

ప్రసాద్ | 4.05
ఏది చెప్పినా కాదంటే ఎలా వెంకట్? మొదటి మీటింగులోనే చెప్పాను, పాత బస్సుల మీద ఇంత ఖర్చూ ఇంత శ్రమా వద్దని. జనం వచ్చేది నలుగురినీ కలవడానికి, నాలుగు ముద్దలు తినడానికి. మన పిల్లల్లో ఒక్కరు కూడా ఆ బస్సులు ఎక్కలేదు.

వెంకట్ | 4.20
మూడు నెలలుగా ప్రతి శనివారం ఆ గ్యారేజీకి వెళ్ళి డెబ్భై ఏళ్ళ ముసలాయన పక్కన కూర్చుని సీట్ల రెక్సిన్ కుట్టాను. డబ్బు అడగలేదు, పెట్రోలు ఖర్చు కూడా అడగలేదు. ఇప్పుడు గోడకి ఫొటోలు అంటిద్దాం అంటున్నారు. సరే, అలాగే చేసుకోండి. గ్యారేజీ వాళ్ళకి నేనే ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను. ఇక నన్ను ఈ పని నుంచి తప్పించండి.

లక్ష్మి | 5.00
నాయనా వెంకట్, అప్పుడే ఫోన్ చెయ్యకు. ప్రసాదూ, నువ్వూ రాత్రికి ఇంకేం రాయకు. ఇద్దరూ భోంచేసి పడుకోండి. రేపు మాట్లాడుకుందాం.

రఫీ | సోమవారం రాత్రి 11.35
లక్ష్మి పెద్దమ్మ చెప్పినట్టు పొద్దున రాద్దామనుకున్న గని నిద్ర పడ్తలేదు. ప్రసాదన్నా, మీరు డబ్బు గురించి చెప్పింది తప్పు కాదు. నా మాట ఒక్కటి వినుండ్రి.

మా అబ్బ ముషీరాబాద్ డిపోల కండక్టర్. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి జూపార్క్ దాక పోయే 7జెడ్ మీద చానా ఏండ్లు చేసిండు. డబుల్ డెక్కర్‌ల కింద ఒక కండక్టర్, పైన ఒక కండక్టర్. మెట్లు ఎక్కి దిగి మోకాళ్ళు అరిగినయి, అయినా పైడెక్కే కావాలని అడిగెటోడు. రేకు ట్రేల రంగురంగుల టికెట్ల కట్టలు, వాటికి రబ్బరు బ్యాండ్లు, కుడి చేతిల పంచ్. స్టేజీ రాంగనే ఎస్ఆర్, అంటే టికెట్ల లెక్క కాయితం, రాసుడు, అది తొడ మీద పెట్టుకుని రాసెటోడు, బండి ఊగినా అక్షరం వంకర పోకపోయేది. రిటైరై ఇన్నేండ్లయినా ఎడమ భుజం మీద తోలు బ్యాగు పట్టీ పడ్డ చోట చర్మం నల్లగనే ఉంటది. నేను చిన్నప్పుడు ఆ మచ్చ మీద వేలు పెట్టి గీసెటోన్ని.

నేను తెచ్చే ఫొటో 1979ది. వెనక మెట్టు మీద ఒక కాలు, ఇంకో కాలు గాలిల, చెయ్యి కడ్డీ మీద. రైట్ రైట్ అంటుండని నోరు చూస్తే తెలుస్తది.

వెంకట్ నన్ను గ్యారేజీకి తోల్కపోయిన దినం బండి స్టార్ట్ చేసిండ్రు. కిటికీ అద్దాలన్ని గలగల కొట్టుకున్నయి, కాళ్ళ కింద పలక వణికింది. నేను ఫోన్‌ల రికార్డ్ చేసి, ఏం చెప్పకుండ అబ్బకు పంపిన. అర నిమిషం విని “లేలాండ్” అన్నడు. “ఎక్కడిదిరా?” అని అడిగిండు. గ్లాస్గో అంటే నమ్మలె.

ఆ ఫొటోను గోడకు అంటియ్యాల్నంటే నా మనసొప్పుతలేదు. అది ఆ వెనక కడ్డీ కాడనే ఉండాలె.

వెంకట్ | మంగళవారం ఉదయం 6.50
రఫీ అన్నా, నాన్నగారు సరిగ్గా పట్టారు. ఈ బండి లేలాండ్ టైటాన్ పీడీ3. మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ లేలాండ్ వాళ్ళు 1967లో తెచ్చిన టైటాన్‌కి మూలం ఇదే. ఆ కంపెనీ పుట్టింది 1948లో అశోక్ మోటార్స్‌గా, ఆస్టిన్ కార్లు బిగించడానికి. లేలాండ్‌తో కలిసి 1955లో అశోక్ లేలాండ్ అయింది. నాన్నగారు తొక్కిన మెట్లకీ ఈ మెట్లకీ చుట్టరికం ఉంది.

ఫోన్ ఇంకా చెయ్యలేదు.

శంకరం | మంగళవారం ఉదయం 9.15
నేను ఈ మధ్య ఇక్కడ ఎక్కువగా రాయడం లేదు. రాత్రి రఫీ రాసింది చదివాక రాయాలనిపించింది.

నేను 1971 జనవరిలో గ్లాస్గో వచ్చాను, ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా. మంచు పడుతోంది, నా దగ్గర ఉన్నది మద్రాసులో కొన్న పల్చటి కోటు. ఆకుపచ్చ, నారింజ, మీగడ రంగుల బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలపాగా పెట్టుకున్న జలంధర్ మనిషి. నేను అరచేతిలో చిల్లరంతా పోసి చూపించాను. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు, నాకేమీ తెలియలేదు. ఆయన ఒక్కొక్క నాణెం ఏరి తీసుకుని, మిగిలినవి నా చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. హిందీలో “భోంచేశావా?” అని అడిగాడు. ఈ ఊళ్ళో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన.

నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 15న, ఇక్కడ డబ్బు దశాంశ పద్ధతికి మారింది. బస్సులో ముసలమ్మలు కంగారుపడిపోయారు. నాకు మాత్రం అది రెండోసారి. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు మా అమ్మకి సంతలో లెక్క చెప్పింది నేనే. ఆ వారమంతా నేనూ ఆ సర్దార్జీ కలిసి బస్సులో వాళ్ళకి చిల్లర లెక్కలు చెప్పాం.

ఈ ఊరి బస్సుల్లో అప్పటికే మనవైపు వాళ్ళు చాలామంది ఉండేవారు. అన్ని ఊళ్ళూ అలా లేవు. బ్రిస్టల్‌లో నల్లవాళ్ళనీ ఆసియావాళ్ళనీ బస్సు సిబ్బందిగా తీసుకోబోమని బస్సు కంపెనీ మొండికేస్తే, 1963లో జనం నాలుగు నెలలు బస్సులు మానేశారు. ఆగస్టు 28న కంపెనీ దిగివచ్చింది. సెప్టెంబరులో అక్కడ చేరిన తెల్లవాడు కాని మొదటి కండక్టరు రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. పిల్లలు ఎక్కని బస్సులే కావచ్చు ప్రసాద్, కానీ వాళ్ళిక్కడ తలెత్తుకు తిరగడానికి ఆ బస్సులెక్కి పనిచేసినవాళ్ళు కారణం. మనిషి లేకుండా బస్సు చూపించినా, బస్సు లేకుండా మనిషిని చూపించినా సగమే.

ప్రసాద్ | మంగళవారం మధ్యాహ్నం 12.40
శంకరం గారూ, నమస్కారం. వెంకట్, నిన్న నేను అన్నది తప్పు. నీ శనివారాల సంగతి నాకు నిజంగా తెలియదు. గ్యారేజీ వాళ్ళకి ఫోన్ చెయ్యి, కానీ వద్దని చెప్పడానికి కాదు. బస్సు మన దగ్గరికి రాలేకపోతే మనమే దాని దగ్గరికి వెళ్ళవచ్చా అని అడుగు.

వెంకట్ | మంగళవారం రాత్రి 8.30
అడిగాను ప్రసాద్ గారూ, ఒప్పుకున్నారు! ఆ శనివారం గ్యారేజీ ఖాళీయే. షరతులు: లోపల పొయ్యి వెలిగించకూడదు. ఒకేసారి వంద మందికి మించకూడదు. బళ్ళ మధ్య పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. మరుగుదొడ్లు రెండే. స్టేజీ లేదు, కుర్చీలు ముప్ఫై. బండి కదలదు, నిలబెట్టే స్టార్ట్ చేస్తారు, పిల్లలు బెల్లు కొట్టుకోవచ్చు.

ఇంకో సంగతి. వాళ్ళ దగ్గర ఆల్బియాన్ కంపెనీ బస్సు రేడియేటర్ ఒకటి విడిగా ఉందట, అదీ పక్కన పెడతామన్నారు. ఉదయించే సూర్యుడి బొమ్మ ఉన్నది. “సూర్యోదయమంత ఖాయం” అన్నది ఆ కంపెనీ మాట. 1932లో నిజాం రైల్వే వాళ్ళు హైదరాబాద్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు ఆ బళ్ళల్లో ఆల్బియాన్‌లు ఉండేవి. ఈ ఊళ్ళోనే, స్కాట్స్‌టౌన్ ఫ్యాక్టరీ వాళ్ళవి. ఇక్కడ పదిహేనేళ్ళుగా ఉంటున్నాను, ఆ ఫ్యాక్టరీ పక్కనుంచి రోజూ వెళ్ళేవాడిని, పోయినేడు దాకా ఈ సంగతి తెలియదు.

లక్ష్మి | 8.55
పొయ్యి లేకపోతే మరీ మంచిది. బస్టాండుకి వేడన్నం ఎవరు తీసుకెళ్తారు? పులిహోర, పెరుగన్నం, ఒక్కో ఆవకాయ ముక్క. అరిటాకు ముక్కలో పెట్టి, పైన కాగితం చుట్టి, దారం కడదాం. నూట ఎనభై పొట్లాలు. నలుగురు కార్యక్రమం ముందు రోజు, శుక్రవారం రాత్రి, మా ఇంటికి రండి. చింతపండు పులుసు నేను గురువారమే కాచి ఉంచుతాను.

సుజాత | 9.20
నూట ఎనభై మంది పేర్లిచ్చారు కాబట్టి రెండు విడతలు: పది నుంచి పన్నెండున్నర, ఒంటిగంట నుంచి మూడున్నర. చిన్నపిల్లలున్నవాళ్ళు మొదటి విడతకి రండి. ఇంటి పేర్ల అక్షరాలతో విడగొట్టి రేపు మెసేజ్ పంపుతాను.

మాధవి | 9.45
ప్రింటువాళ్ళకి బ్యానర్ ఇంకా ఇవ్వలేదు, ఆపేశాను. దాని బదులు ఒకటి అనుకుంటున్నాను. బస్సు ముందు పైన ఊరి పేరు కనబడే గాజు పెట్టె ఉంటుంది కదా, లోపల గుడ్డ చుట్ట, చేత్తో తిప్పేది. దాని కొలత ఇస్తే అదే వెడల్పు గుడ్డ మీద “గౌలిగూడ” అని రాసి పెడదాం. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో, మన బోర్డుల్లాగే. ఆ విమానాల షెడ్డు లాంటి బస్టాండు 2018లో కూలిపోయింది, ఇక అక్కడికి వెళ్ళే బండి మన దగ్గరే ఉంటుంది.

రఫీ | 9.50
ఉర్దూ నేను రాస్త మాధవక్కా.

వెంకట్ | 10.15
పాత గుడ్డని చించకూడదు, దాని మీద పల్చగా కుట్టి మళ్ళీ విప్పేద్దాం. కొలత రేపు సాయంత్రం తెస్తాను.

ప్రసాద్ | బుధవారం ఉదయం 11.00
హాలువాళ్ళతో మాట్లాడాను. తప్పు వాళ్ళ వైపు కూడా ఉందని ఒప్పుకున్నారు. అడ్వాన్సు పోలేదు, దీపావళికి మార్చారు. మార్చినందుకు 40 పౌండ్లు తీసుకుంటారట, అది నేను కడతాను, ఖాతాలో రాయను. పాటల సిస్టం అద్దె 200 మిగిలింది. అది గ్యారేజీ పైకప్పు మరమ్మతుకి ఇద్దాం, బస్సు కోసం అని రసీదులో రాయకుండా. వెంకట్, అలా పర్వాలేదా?

వెంకట్ | 11.20
పర్వాలేదండి. ఎవరినీ ఎక్కించి తిప్పడం లేదు కాబట్టి ఇబ్బంది ఉండదు. పైకప్పు వానకి కారుతోంది, చాలా సంతోషిస్తారు.

అందరికీ ఒక మాట: నేల మీద నూనె ఉంటుంది. పట్టుచీరలు, తెల్ల పంచెలు వద్దు. పాత దుప్పట్లు, టార్పాలిన్లు ఉంటే తెండి, రేడియేటర్ పక్కన పరుస్తాం.

శంకరం | 12.10
1971లో నా దగ్గర మిగిలిపోయిన పాత పెన్నీలు ఒక డబ్బాలో ఉన్నాయి. పిల్లలకి లెక్క నేర్పడానికి తెస్తాను. కింది డెక్కులో నాకు ఒక సీటు ఉంచండి, మెట్లెక్కలేను.

రఫీ | బుధవారం రాత్రి 10.40
అబ్బతోని మాట్లాడిన. ఇక్కడ పదకొండు గంటలకు బండి స్టార్ట్ చేస్తే అక్కడ మూడున్నర. వీడియో కాల్‌కి ఒప్పుకున్నడు. యూనిఫాం ఇస్త్రీ చేపిస్త అంటుండు, అమ్మ నవ్వుతుంది. ఒక్కటే అడిగిండు. అక్కడ గూడ రెండు బెల్లులు కొడితేనే రైట్ కదా?

వెంకట్ | 10.45
అవునన్నా. ఒకటి ఆపడానికి, రెండు పోవడానికి.